స్తోయ్నా మామ్మ ఎప్పుడు పోయింది?

“మీ వ్యాన్ తీస్తారా? మామ్మ సగమే వచ్చింది.”

సెప్టెంబరు మొదటి సోమవారం పొద్దున, నా ప్రింటింగ్ షాపు ముందు వ్యాన్ ఆపి దిగానో లేదో, అవతలి పేవ్‌మెంట్ మీంచి ఈ మాట వినిపించింది. మడత స్టూలు మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఒళ్లో పెద్ద స్కెచ్ బుక్, జుట్టులో పెన్సిలు, ముక్కు మీద నల్లటి మరక.

“ఏ మామ్మ?” అన్నాను.

“మీ వ్యాన్ వెనకున్న మామ్మ. కుడి చెయ్యి అయిపోయింది. ఎడమ చెయ్యి మీ వ్యాన్ మింగేసింది.”

తిరిగి చూశాను. స్తోయ్నా మామ్మ తన గేటు ముందు పొయ్యి పెట్టుకుని లావు ఎర్ర మిరపకాయలు కాలుస్తోంది. చలికాలం పచ్చడికి. సెప్టెంబరు వచ్చిందంటే మా వీధంతా ఇదే వాసన. ఇందులో గీయడానికి ఏముందో నాకు అర్థం కాలేదు.

“సముద్రం అటువైపండీ. బొమ్మలు గీసేవాళ్లంతా అటే పోతారు. లైట్‌హౌస్ ఉంది, పాత చర్చి ఉంది...”

“లైట్‌హౌస్ ఎక్కడికీ పోదు. మిరపకాయలు మాడిపోతాయి. వ్యాన్ తియ్యండి.”

తీశాను. తీసి, చర్చి దాకా పోయి, అక్కడ ఆపుకుని నడిచి వచ్చాను. అంత దూరం ఎందుకు పోయానో ఆ రోజు నాకే తెలియలేదు.

పేరు నెవెన అని మూడో రోజుకి తెలిసింది. నేను అడగలేదు. బేకరీ గింకత్త తనంతట తనే చెప్పింది. ప్లోవ్‌దివ్ నగరం అమ్మాయి, జామ్ సీసాల మీద లేబుళ్లు గీసే ఉద్యోగం, మూడు వారాలు సెలవు పెట్టి వచ్చింది, బేకరీ పైగదిలో దిగింది, పెళ్లి కాలేదు. చివరి సంగతి గింకత్త రెండుసార్లు చెప్పింది.

నేను ఏదో ఒక వంకతో రోడ్డు దాటి వెళ్లేవాణ్ని. నేను దగ్గరికి రాగానే ఆమె బుక్ మూసేసేది.

“రోజూ ఏం గీస్తారు?”

“ఎదురుగా ఉన్నది.”

“ఎదురుగా ఏముందని?”

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. “మీరీ వీధిలో ఎన్నేళ్ల నుంచి ఉంటున్నారు?”

“పుట్టినప్పటి నుంచి. ఇరవై ఏడేళ్లు.”

“అయితే ఒకటి చెప్పండి. చెప్పులు కుట్టే దిమో తాత ఎప్పుడూ వీధికి వీపు పెట్టే ఎందుకు కూర్చుంటాడు? వెలుతురు వచ్చేది వీధివైపు నుంచి కదా?”

అసలు ఆయన వీపు పెట్టి కూర్చుంటాడన్న సంగతే నేను గమనించలేదు. మధ్యాహ్నం తెగని చెప్పు ఒకటి పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను.

“తాతా, ఇటు తిరిగి కూర్చోవచ్చుగా?”

“ఎదురుగా బేకరీ ఉంది.”

“ఉంటే?”

“బేకరీలో గింక ఉంది.”

“ఉంటే?”

“ముప్పయ్యేళ్ల కిందట అది నా పెళ్లాం. ఇంకేమైనా కావాలా? ఈ చెప్పుకి ఏం రోగం, బాగానే ఉందిగా?”

వాళ్లిద్దరూ ఒకప్పుడు మొగుడూ పెళ్లాలని ఊళ్లో అందరికీ తెలుసు. కానీ ఆ వీపుకీ ఆ బేకరీకీ ముడి ఉందని ఎవరికీ తట్టలేదు. సాయంత్రం ఆ జవాబు మోసుకెళ్లి ఇచ్చాను. నెవెన పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు కోసం మర్నాడు ఇంకో ప్రశ్న అడిగించుకున్నాను.

అలా రోజుకో ప్రశ్న. మందుల షాపు గుమ్మంలో ఆ కుక్క ఎందుకు పడుకుంటుంది? తలుపు సందులోంచి ఏసీ గాలి వస్తుంది. స్తోయ్నా మామ్మకి అంత పెరడు ఉండగా మిరపకాయలు వీధిలో ఎందుకు కాలుస్తుంది? “పెరట్లో కాలిస్తే ఎవరితో మాట్లాడనురా, కోళ్లతోనా?” అంది మామ్మ. ఇరవై ఏడేళ్లు కళ్లుండి కూడా నేను ఏమీ చూడలేదని ఆ రెండు వారాల్లో తెలిసొచ్చింది. చూడ్డం ఇంత బాగుంటుందని కూడా.

రెండో వారం చివర్లో ఒకరోజు ఉన్నట్టుండి వాన దంచికొట్టింది. నెవెన స్టూలు నెత్తిన పెట్టుకుని, బుక్ కోటు లోపల దాచుకుని, పరుగున నా షాపులోకి వచ్చింది. స్టూలు తడిసింది, ఆమె తడిసింది, బుక్ మాత్రం పొడిగా ఉంది.

“ఇవాళ చూడొచ్చా?” అన్నాను, తువ్వాలు అందిస్తూ.

చేతులు తుడుచుకుని, బుక్ నా బల్ల మీద పెట్టింది.

దిమో తాత వీపు. రొట్టె అందిస్తున్న గింకత్త చెయ్యి. కుక్క. కిటికీల మధ్య ఆరేసిన దుప్పట్లు. వల భుజాన వేసుకుని ఆవలిస్తున్న జాలరి. ఆఖర్న పేజీ నిండా స్తోయ్నా మామ్మ, మసి పట్టిన రెండు చేతులతో మిరపకాయ తొక్క ఒలుస్తూ. రోజూ చూసేవాళ్లే. అయినా వాళ్లని ఎవరో ఇప్పుడే నాకు పరిచయం చేసినట్టనిపించింది.

“అందరూ ఉన్నారు. నా షాపు లేదేం?”

“షాపు గీయాలంటే మీరు లోపల ఉండాలి. మీరేమో రోజంతా నా పక్కనే నిలబడుతున్నారు.”

నా చెవులు వేడెక్కాయి. ఆమె కిటికీ బయట వానని చూస్తూ చెప్పింది:

“వచ్చే శనివారం లైబ్రరీ హాల్లో వీటిని పెడుతున్నాను. నా మొదటి ఎగ్జిబిషన్. మా అమ్మ నవ్వింది. వాళ్ల వీధి వాళ్లకి రోజూ కనపడేదేగా, చూడ్డానికి ఎవరొస్తారే అంది. నాకేమో ఈ వీధివాళ్లే రావాలని ఉంది. వాళ్లు రాకపోతే ఇక ఈ బుక్ మూసేస్తాను. జామ్ సీసాలే గీసుకుంటాను.”

“వస్తారు.”

“మీకెలా తెలుసు?”

“పోస్టర్ నేను వేస్తున్నాను కాబట్టి,” అన్నాను, పెద్ద మొనగాడిలా.

ఇక్కడ నా వృత్తి గురించి చెప్పాలి. నా షాపులో నూటికి తొంభై పాళ్లు చావు నోటీసులే. మనిషి పోయిన రోజున ఒకటి, తొమ్మిదో రోజుకి ఒకటి, నలభయ్యో రోజుకి, ఆరు నెలలకి, ఏడాదికి. మధ్యలో బొమ్మ, కింద పేరు, తేదీ, చుట్టూ నల్ల చట్రం. మొదటిది వాళ్ల గేటుకి అంటిస్తాను. తర్వాత చర్చి గోడకి, బేకరీ తలుపుకి, బస్టాపు స్తంభానికి. మా ఊళ్లో పేపరు చదవనివాళ్లు ఉన్నారు గాని స్తంభం చదవనివాళ్లు లేరు.

బుధవారం నెవెన స్తోయ్నా మామ్మ బొమ్మకి కాపీ ఒకటీ, రాయాల్సిన మాటలూ నా చేతిలో పెట్టి, ఫ్రేములు కొనడానికి బుర్గాస్ పట్నం వెళ్లింది. ఆ రాత్రికి అక్కడే స్నేహితురాలి ఇంట్లో ఉంటుందట. మాటలు నాలుగే: స్తోయ్నా మామ్మ, మన వీధి. శనివారం ఉదయం పదకొండు గంటలకు, లైబ్రరీ హాల్లో. అందరూ రావాలి.

నేను ఆమెని తలుచుకుంటూ కూర్చున్నాను. పని నా చేతులు చేసుకుపోయాయి. నలభై కాపీలు తీశాను. పొద్దు వాలకముందే ఈల వేసుకుంటూ అన్నీ అంటించేశాను. మొదటిది, అలవాటు ప్రకారం, మామ్మ గేటుకి. ఆవిడ కూతురి ఇంటికి వెళ్లినట్టుంది, గేటు మూసి ఉంది.

గురువారం పొద్దున షాపు తెరిచేసరికి గింకత్త గుమ్మంలో కూర్చుని కళ్లు ఒత్తుకుంటోంది.

“ఎలా పోయిందిరా? మొన్నేగా రెండు రొట్టెలు తీసుకెళ్లింది.”

“ఎవరు?”

“ఎవరేంటి, స్తోయ్నా మామ్మ! నువ్వే అంటించి నన్నడుగుతావా?”

వెనకాల దిమో తాత టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. “చర్చిలో కాకుండా లైబ్రరీలో పెట్టారేంటి? ఆ, పాతకాలం కమ్యూనిస్టు పార్టీ మనిషి కదా, అందుకయ్యుంటుంది.”

గింకత్త చేతిలోంచి కాగితం లాక్కుని చూశాను. మధ్యలో బొమ్మ, కింద పేరు, తేదీ, చుట్టూ వేలెడు మందాన నల్ల చట్రం. పదేళ్లుగా రోజూ వేస్తున్న చట్రం. అది నా కళ్లకి ఎప్పుడో కనపడ్డం మానేసింది.

అప్పుడే మనుషులు అటూ ఇటూ తప్పుకున్నారు. మధ్యలోంచి స్తోయ్నా మామ్మ నడిచొచ్చింది. చేతిలో గేటు మీంచి పీకిన కాగితం.

“ఒరేయ్ ల్యుబెన్, నేనెప్పుడు పోయానురా?”

గింకత్త కెవ్వుమని శిలువ గుర్తు వేసుకుంది.

“మామ్మా, అది... పొరపాటు...”

“ఇంటి గేటు కరెక్టే. పేరు కరెక్టే. మనిషే ఇంకా బయల్దేరలేదు.”

ఇంతలో, ఎవరో ఫోన్ చేసినట్టున్నారు, బుర్గాస్ నుంచి ఆవిడ మేనకోడలు టాక్సీ దిగి, ఏడుస్తూ పూలు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. మామ్మని చూసి బొమ్మలా నిలబడిపోయింది. మామ్మ ఆ పూలు తీసుకుని లెక్కపెట్టింది.

“ఎనిమిది. సరిసంఖ్య, పోయినవాళ్లకిచ్చే లెక్క. నాకే తెచ్చావన్నమాట.” ఒక పువ్వు తీసి పక్కన పారేసింది. “ఇప్పుడు ఏడు. బతికున్నదానికి సరిపోతాయి. రావే, వచ్చావు కాబట్టి మిరపకాయలు ఒలుద్దువుగాని.”

నవ్వులాటగా తేలిపోయిందనుకున్నాను. తేలలేదు. నెవెన పది గంటల బస్సు దిగింది. బస్టాపు స్తంభం మీద తన బొమ్మే నల్ల చట్రంలో ఆమెకి ఎదురైంది. నా షాపులోకి వచ్చేసరికి మొహం పాలిపోయి ఉంది.

“నువ్వు చేశావా ఇది?”

మొదటిసారి నన్ను ‘నువ్వు’ అంది. ఆ మాట కోసం రెండు వారాలుగా ఎదురుచూశాను. ఇలా వస్తుందనుకోలేదు.

“నెవెనా, కావాలని కాదు. అలవాటులో...”

“నేను బతికున్న మనుషుల్ని గీశాను. నువ్వు వాళ్లని చంపేశావు.”

మధ్యాహ్నానికి మొదలైంది. మొదట జాలరి వచ్చాడు. బేకరీ పైగది మెట్ల కింద నిలబడి, నా పేజీ నాకిచ్చెయ్యమ్మా అన్నాడు. రేపు సముద్రం మీదికి పోవాలట, ఇంట్లో ఆవిడ వద్దంటోందట. తర్వాత దుప్పట్లు ఆరేసిన ఆవిడ. తర్వాత మందుల షాపువాళ్లు, కుక్క పేజీ కోసం. దిమో తాత నేల చూపులు చూస్తూ వచ్చాడు. ఆఖరికి ఆమెకి అద్దెకిచ్చిన గింకత్త కూడా. “నీ మీద కోపం కాదు తల్లీ. పేరు ఒకసారి స్తంభానికెక్కితే మంచిది కాదంటారు. రేపు ఇంకెవరి వంతోనని భయం.”

నెవెన ఒక్కో పేజీ చింపి ఇచ్చింది. నేను రోడ్డుకి ఇవతల నిలబడి చూస్తున్నాను. చిరిగిన ప్రతి పేజీ చప్పుడుకీ నా ప్రాణం ఉసూరుమంటోంది.

అందరికంటే ఆఖర్న, సాయంత్రం ఐదింటికి, స్తోయ్నా మామ్మ వచ్చింది. పొద్దున అంత ధీమాగా జోకులేసిన మనిషి గొంతు తగ్గించి అడిగింది.

“నాకేం భయం లేదమ్మా. కాని డెబ్బై ఎనిమిదేళ్లు... ఇచ్చెయ్, నా దగ్గరుంటుంది.”

నెవెన ఆ పేజీ కూడా చింపి, మడత పడకుండా చుట్టి, మామ్మ చేతిలో పెట్టింది. బుక్‌లో ఇక అట్టలే మిగిలాయి.

శుక్రవారం ఆమె గది తలుపు మూడుసార్లు కొట్టాను. తియ్యలేదు. “శనివారం పన్నెండింటి బస్సుకి వెళ్లిపోతోందట,” అంది గింకత్త. “ఏం చేశావురా అబ్బాయ్!”

షాపులో కూర్చుని ఆలోచించాను. క్షమించమని ఇంటింటికీ వెళ్లి చెప్పొచ్చు. సగం మంది తలుపు తియ్యరు, మిగతా సగం నమ్మరు. ఈ ఊరు నమ్మేది ఒక్కటే, స్తంభం. మధ్యాహ్నానికల్లా నా ఫోటో పెట్టి, చుట్టూ వేలెడు మందాన నల్ల చట్రం కావాలనే వేసి, కింద ఇలా రాశాను:

‘మిక్కిలి విచారంతో తెలియజేయునది. ఈ ఊరి ప్రింటర్ ల్యుబెన్ గారి బుర్ర గత బుధవారం సాయంత్రం హఠాత్తుగా పనిచేయడం మానేసింది. ప్రేమలో పడటమే కారణమని తెలియవచ్చింది. స్తోయ్నా మామ్మ క్షేమం. బొమ్మలు గీసిన అమ్మాయి తప్పు ఆవగింజంత కూడా లేదు. చట్రం నాది, జిగురు నాది, తప్పు నాది. శని ఏమైనా ఉంటే నన్నే పట్టాలి. మీ పేజీలను ఒక్కసారి వెలుతురులో సరిగ్గా చూసుకోండి. శనివారం ఉదయం పదకొండు గంటలకు వాటితో లైబ్రరీ హాలుకు రండి. నన్ను తిట్టదలచినవారు కూడా అక్కడికే రాగలరు.’

మొదటిది నా షాపు తలుపుకే అంటించాను. తర్వాత చర్చికి, బేకరీకి, బస్టాపుకి. ఇన్నేళ్లలో నల్ల చట్రం ఎంత నల్లగా ఉంటుందో మొదటిసారి చూశాను.

శనివారం పదకొండైంది. లైబ్రరీ హాల్లో నాలుగు తెల్ల గోడలు, ఒక డబ్బా గుండుసూదులు, నేను. పదకొండుంపావుకి తలుపు తెరుచుకుంది. పెట్టె చేత్తో పట్టుకుని నెవెన.

“నన్నడక్కుండా నా ఎగ్జిబిషన్ ఎవడు పెట్టమన్నాడు నిన్ను?”

“ఎవరూ పెట్టమనలేదు.”

“ఊరు ఊరంతా స్తంభాల మీద ప్రేమలో పడ్డాడని రాసుకుంటావా? సిగ్గుందా?”

“బుధవారం దాకా ఉంది.”

ఆమె పెదవి కొరుక్కుంది, నవ్వు రాకుండానో ఏడుపు రాకుండానో తెలియలేదు. గోడలు చూసింది. “ఖాళీగా ఉన్నాయి, చూడు. మా అమ్మే కరెక్టు.”

అప్పుడు తలుపు దగ్గర దగ్గు వినిపించింది. దిమో తాత. చంకలో చుట్టిన కాగితం.

“తిట్టడానికొచ్చాను. లైను ఎక్కడ?”

“ఇక్కడే తాతా.”

“వెధవా!” అన్నాడు తృప్తిగా. తర్వాత నెవెన వైపు తిరిగాడు. “అమ్మాయ్, నా వీపు నేనెప్పుడూ చూసుకోలేదు. ఇంత గూనిగా ఉంటుందా? ముప్పయ్యేళ్లు ఇలా వంగి కూర్చుని ఏం సాధించానో అనిపించింది. ఇదెక్కడ పెట్టాలి?”

గోడకి తనే గుచ్చుకున్నాడు. ఆయన వెనకే గింకత్త వచ్చి, తన పేజీ సరిగ్గా దాని పక్కనే గుచ్చబోయింది.

“ఆవిడ పక్కన వద్దు!” అన్నాడు తాత.

“వీధిలో నేను నీ ఎదురుగానే ఉన్నాను. గోడ మీద నీకోసం ఊరు మారుస్తారా?” అంది గింకత్త. గుచ్చేసింది. తాత గొణిగాడు గాని పీకలేదు.

జాలరి సముద్రం మీంచి క్షేమంగా వచ్చి, ఉప్పు బట్టలతోనే పేజీ తెచ్చాడు. మందుల షాపువాళ్లు కుక్కని కూడా తెచ్చారు. ఒక్కొక్కరూ ముందు నన్ను ఒక తిట్టు తిట్టి, తర్వాత పేజీ గుచ్చి, తర్వాత తమ బొమ్మ ముందే నిలబడిపోయారు. ఆ తర్వాత పక్కవాళ్ల బొమ్మ ముందుకి నడిచారు. నెవెన గోడకి ఆనుకుని నిలబడింది. పెట్టె చేతిలోంచి ఎప్పుడు దింపిందో ఆమె గమనించినట్టు లేదు.

ఒక చోటు మాత్రం, గోడకి నడిమధ్య, ఖాళీగా ఉంది.

పన్నెండుకి పది నిమిషాలు ఉందనగా స్తోయ్నా మామ్మ వచ్చింది. పండగలకి దాచుకునే ఆదివారం కోటు తొడుక్కుంది. చేతిలో పేజీ, గాజు ఫ్రేములో.

“నిన్న రోజంతా దీన్నే చూస్తూ కూర్చున్నాను,” అంది నెవెనతో. “డెబ్బై ఎనిమిదేళ్ల నుంచి ఈ చేతులు నా దగ్గరే ఉన్నాయి. ఎన్ని వేల మిరపకాయలు ఒలిచాయో. ఇంత బాగుంటాయని ఒక్కడూ చెప్పలేదమ్మా నాకు. మా ఆయన కూడా.”

నెవెన మామ్మ మెడ చుట్టూ చేతులు వేసి, ఆ ఆదివారం కోటు మీదే ఏడ్చేసింది.

“ఏడవకు, ఇస్త్రీ కోటు,” అంది మామ్మ, ఆమె వీపు నిమురుతూ. తర్వాత నా వైపు చూసింది. “ఒరేయ్ బుర్ర పోయినోడా! స్తంభాలకి చెప్పావు, చర్చి గోడకి చెప్పావు. ఈ పిల్లకి చెప్పావా?”

హాల్లో అందరూ నా వైపు తిరిగారు. కుక్క కూడా నన్నే చూస్తోంది.

“నెవెనా,” అన్నాను. “నువ్వు వెళ్లిపోతే ఈ వీధి మళ్లీ నాకు కనపడదేమోనని భయంగా ఉంది. కాని అది కాదు అసలు సంగతి. వీధి కనపడకపోయినా బతుకుతాను. నువ్వు కనపడకపోతే నావల్ల కాదు. నువ్వంటే నాకిష్టం. చాలా.”

ఆమె అరచేత్తో కళ్లు తుడుచుకుంది, ముక్కు మీద మళ్లీ మరక పడింది. బయట బస్సు హారను మోగింది. ఒకసారి, రెండోసారి. ఎవరూ కదల్లేదు. తర్వాత ఇంజను చప్పుడు మెల్లగా సముద్రపు రోడ్డు వైపు పోయింది.

“బస్సు వెళ్లిపోయింది,” అంది నెవెన.

“ఫర్వాలేదు, ఒంటిగంటకి ఇంకోటి ఉం...”

“నాకు తెలుసు, గంటకో బస్సు ఉంది.” నా చొక్కా చెయ్యి పట్టుకుంది, గట్టిగా. “ఒక్కసారికి నీకు తెలియనట్టు ఉండలేవా?”

వెనక నుంచి స్తోయ్నా మామ్మ నా నెత్తి మీద ఒక్కటిచ్చింది. నేను నోరు మూసుకున్నాను.